నీళ్ళ మీద తేలిన నీలం

శుక్రవారం పొద్దున సునీవా ఫోన్ చేసేటప్పటికి టోర్‌ఫిన్ వంటింట్లో నిలబడి కాఫీ పోసుకుంటున్నాడు. సముద్రం మీద పొగమంచు దిగిందనీ, కాళ్ళ కిందున్న మెట్లు కూడా సరిగ్గా కనపడటం లేదనీ, హెలికాప్టర్లన్నీ ఆగిపోయాయనీ ఆవిడ చెప్పింది. తీరానికి చాలా దూరంలో, సముద్రం మధ్య నిలబెట్టిన చమురు బావి మీద సునీవా కరెంటు పని చేస్తుంది. రెండు వారాలు అక్కడ, నాలుగు వారాలు ఇంట్లో. ఆ మధ్యాహ్నానికి ఇంటికి రావలసిన మనిషి. ఆదివారం కూతురు ఇల్వాకు చర్చిలో కన్ఫర్మేషన్, ఈడొచ్చిన పిల్లలు అందరి ముందూ తమ విశ్వాసాన్ని ఖాయం చేసుకునే పండగ.

"ఆదివారానికల్లా ఎలాగో వచ్చేస్తాలే," అంది సునీవా. "నా బెంగ దాని గురించి కాదు. గోళ్ళ సంగతేంటి?"

"ఎవరి గోళ్ళు?"

"నీ కూతురివయ్యా," అంది సునీవా.

ఇల్వాకు పదిహేనేళ్ళు. కొన్నేళ్ళ కిందట ఆ పిల్ల గోళ్ళకు సోరియాసిస్ వచ్చింది. ఒంటి మీద మరెక్కడా మచ్చ లేదు, వచ్చి వచ్చి గోళ్ళ మీదే కూర్చుంది. సూదిమొనతో పొడిచినట్టు సన్నటి గుంటలు, అంచుల్లో పసుపు, ఒకటి రెండు వేళ్ళకైతే గోరు చర్మాన్ని వదిలేసి పైకి లేచి ఉంటుంది. డాక్టరమ్మ ఇచ్చిన పూతమందు పని చేస్తుంది గానీ గోరు పెరిగినంత నిదానంగా చేస్తుంది. అది అంటుకునే జబ్బు కాదు. అయినా బడిలో ఒకమ్మాయి ఇల్వా ఇచ్చిన పెన్నును పావడాకు తుడుచుకుని మరీ పట్టుకోవడం ఇల్వా కంట పడింది. అప్పట్నుంచీ చొక్కా చేతుల్ని వేళ్ళ చివరిదాకా లాక్కుని కూర్చోవడం అలవాటు చేసుకుంది.

బ్రష్షుతో మామూలుగా రంగేస్తే అది గుంటల్లోకి దిగి వాటిని ఇంకా ఎత్తి చూపించేది. అతికించుకునే గోళ్ళు పెట్టుకోవద్దని డాక్టరమ్మే చెప్పింది. అలాంటప్పుడు తల్లీకూతుళ్ళకు ఫోనులో ఒక వీడియో దొరికింది. నీళ్ళ గిన్నెలో గోళ్ళరంగు చుక్కలు వేసి, పైన పరుచుకున్న రంగు పొరను పుల్లతో గీసి, అందులో వేలు ముంచి తీస్తే గోటి మీద పాలరాతి చారలు దిగుతాయి. ఆ మెలికల్లో గుంటలు కలిసిపోతాయి. చూసేవాళ్ళ కన్ను మెలిక వెంట పోతుంది తప్ప గుంట దగ్గర ఆగదు. సునీవా ఇంటికి వచ్చిన ప్రతిసారీ ఇద్దరూ మేడ మీద గదిలో తలుపేసుకుని కూర్చునేవారు. లోపల్నుంచి నవ్వులూ ఘాటైన వాసనా వచ్చేవి. టోర్‌ఫిన్‌కు తెలిసింది అంతవరకే. కూతురి గోళ్ళను అతను దగ్గరగా చూసి చాలా కాలమైంది. ఆ పిల్ల చూపించేది కాదు, అతను అడిగేవాడూ కాదు.

"చర్చిలో బట్టల మీద తెల్ల అంగీ వేస్తారు కదా," అంటోంది సునీవా ఫోనులో. "మీ అక్క రెండు చలికాలాలు కూర్చుని కుట్టిన బునాద్, ఆ పూల కుట్టు పండగ బట్టలు కూడా దాని కింద కనపడవు. కనపడేవల్లా మొహమూ చేతులూ. రంగులన్నీ కొనిపెట్టాను. నువ్వే వెయ్యాలి."

"నేనా? పడవ మీద తాళ్ళు లాగే చేతులు ఇవి."

"అందుకే చెప్తున్నా. బ్రష్షు పట్టి గీతలు గీసే పని లేదు. పనంతా నీళ్ళే చేస్తాయి. నువ్వు వాటికి అడ్డం పడకుండా ఉంటే చాలు."

ఇల్వా అప్పటికే మెట్ల మీద నిలబడి ఉంది. ఎంతసేపట్నుంచి వింటోందో తెలియదు. కిందికి దిగి, రొట్టె మీద గోధుమరంగు చీజ్ ముక్కలు పరుచుకుని కాగితంలో చుట్టుకుంది. "వద్దులే నాన్నా," అంది అతని వంక చూడకుండా. "గూడ్రున్ అత్త దగ్గర తెల్ల చేతితొడుగులున్నాయి. అవి వేసుకుంటా." ఆ మాట అనేసి బస్సుకు వెళ్ళిపోయింది.

టోర్‌ఫిన్ కాఫీ చల్లారిపోయేదాకా అలాగే నిలబడ్డాడు. మే నెలలో, నిండు సభలో, తొడుగులు వేసుకుని నిలబడ్డ తన కూతురు కళ్ళ ముందుకొచ్చింది. అందరూ ముందు చూసేది ఆ తొడుగులనే. కార్లను అవతలి ఒడ్డుకు దాటించే ఫెర్రీ మీద అతనికి డ్యూటీ మధ్యాహ్నం. మేడెక్కి, సునీవా చెప్పిన డబ్బా కిందికి తెచ్చి వంటింటి బల్ల మీద పెట్టాడు.

డబ్బాలో చిన్న చిన్న సీసాలు, పళ్ళపుల్లలు, దూదిపుల్లలు, వేళ్ళ చుట్టూ అతికించే టేపు, రంగు తీసే మందు ఉన్నాయి. అతను తన కాఫీ కప్పులోనే కుళాయి నీళ్ళు పట్టి నీలం చుక్క ఒకటి వదిలాడు. అది ఉండకట్టి గులకరాయిలా అడుక్కి పోయింది. ఇంకోటి వేశాడు. అదీ అంతే. సునీవాకు విరామం దొరికినప్పుడు మళ్ళీ ఫోన్ చేసి, కాఫీ కప్పులో వేసిన రంగు మునిగిపోతోందనీ, సీసాలో ఉన్నది పాడైపోయిన సరుకనీ ఫిర్యాదు చేశాడు. ఆవిడ నవ్వింది. కుళాయి తిప్పితే పళ్ళు జివ్వుమనే నీళ్ళు వస్తాయి మన దీవిలో, అందులో రంగు ఎలా విచ్చుకుంటుందయ్యా అని అడిగింది. నీళ్ళు గదిలో కాసేపు ఉండి గదంత వెచ్చగా అవ్వాలంది. చుక్కను ఎత్తు నుంచి పడెయ్యకుండా నీటికి తాకించి వదలాలంది. ఒక చుక్క పరుచుకోగానే దాని నడిమధ్య రెండో రంగు, దాని మధ్యలో మూడోది. ఆలస్యం చేస్తే పైన తొక్క కడుతుంది. "నీ కాఫీ కప్పు మాత్రం ఇంక పనికిరాదు," అని చివర్న చెప్పింది.

నీళ్ళు వెచ్చబడ్డాక వేసిన చుక్క ఈసారి మునగలేదు. పొద్దున్నే రేవులో పడవ అడుగున డీజిలు చుక్క కారినప్పుడు నీటి మీద పరుచుకున్నట్టు ఒక్కసారిగా విచ్చుకుంది. దాని మధ్యలో తెలుపు వేశాడు, తెలుపు నీలాన్ని అంచుకు నెట్టింది. మళ్ళీ నీలం. వలయం లోపల వలయం. టోర్‌ఫిన్ ఊపిరి బిగబట్టి పుల్లతో అంచు నుంచి లోపలికి ఒక గీత లాగాడు. వలయాలన్నీ పువ్వు రేకుల్లా ఒంగాయి. ఇంట్లో ఎవరూ లేకపోయినా "ఓహో" అన్నాడు.

అభ్యాసం చేయడానికి అక్కడున్న గోళ్ళు అతనివే. ఎడమచేతి గోళ్ళకు తెల్ల పూత వేసుకుని ఒక్కొక్క వేలే ముంచాడు. బొటనవేలికి రంగంతా ఒక పక్కకు జారి గుట్టలా పడింది. చూపుడువేలికి టేపు వేయడం మర్చిపోయి కణుపు దాకా నీలం పూసుకున్నాడు. మధ్యవేలు పైకి తీసేటప్పుడు నీటి మీద మిగిలిన పొర మళ్ళీ వచ్చి చుట్టుకుంది. నాలుగో వేలి దగ్గరికొచ్చేసరికి, వేలు నీళ్ళలో ఉండగానే పైన మిగిలిన రంగును దూదిపుల్లతో చుట్టి తీసేయాలని అర్థమైంది. అది బాగా వచ్చింది. చేతిని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూసుకున్నాడు. ఆ సంబరంలో మోచెయ్యి తగిలి రంగు తీసే మందు సీసా కింద పడి ఒలికిపోయింది. కొట్టు అవతలి ఊళ్ళో. ఫెర్రీ బయల్దేరే వేళ దగ్గర పడింది. అతను అలాగే వెళ్ళాడు.

డెక్కు మీద తోలు తొడుగులు ఉంటాయి కాబట్టి కార్లు ఎక్కించేటప్పుడు ఎవరికీ తెలియలేదు. పడవ రేవు దాటాక, పైన కాఫీ గదిలో వెన్నా చక్కెరా పూసిన మందపాటి అట్టు, తీరం వెంట ఫెర్రీలన్నింట్లో దొరికే స్వేలె, చేతిలోకి తీసుకోవడానికి తొడుగు తీశాడు. ఎదురుగా కూర్చున్న స్టైనార్ నమలడం ఆపేశాడు. ఇద్దరూ ఇరవై ఏళ్ళుగా ఒకే పడవ మీద పని చేస్తున్నారు.

"కన్ఫర్మేషన్ నీకా, నీ కూతురికా?" అని అడిగాడు స్టైనార్.

"నోరు మూసుకుని అట్టు తిను."

"తింటా గానీ, ఆ ఉంగరం వేలు ఒకటే బావుంది. మిగతావి మన ఇంజను గదిలా ఉన్నాయి."

పక్క బల్ల దగ్గర హ్యాండ్‌బాల్ ఆడి తిరిగొస్తున్న అమ్మాయిలు కొందరు ఉన్నారు, అందరూ ఇల్వా జట్టువాళ్ళే; కన్ఫర్మేషన్ పనులున్నాయని ఇల్వా ఒక్కతే ఆ రోజు ఆటకు వెళ్ళలేదు. వాళ్ళు లేచి వచ్చి చుట్టూ మూగారు. ఎవరు వేశారని అడిగారు, తనే వేసుకున్నానన్నాడు. ఎందుకని అడిగారు. నచ్చి వేసుకున్నానన్నాడు. ఒకమ్మాయి ఫోటో తీసుకోవచ్చా అని మర్యాదగానే అడిగింది. కాదనడానికి అతనికి కారణం తోచలేదు. రేవు దగ్గర పడవ ముందు తలుపు దించుతూ ఉండగా తోచింది: ఆ ఫోటో పడవకంటే ముందే ఇల్లు చేరుతుంది.

అతను ఇంటికొచ్చేసరికి ఎండ ఇంకా కిటికీ మీదే ఉంది. ఇల్వా బల్ల దగ్గర కూర్చుని ఉంది. చేప వడలు వేయించి మూతపెట్టి ఉంచింది. ఫోను బల్ల మీద పెట్టి అతని వైపు తోసింది.

"ఇదేంటి నాన్నా?"

"నా చెయ్యి."

"జట్టు మొత్తం చూసింది."

రంగు తీసే మందు ఒలికిపోయిందని చెప్పాడు. తప్పయిపోయిందనీ, ఫోటో వద్దనవలసిందనీ అన్నాడు. ఇల్వా వినిపించుకోలేదు.

"వాళ్ళకేం చెప్పావు?"

"నచ్చి వేసుకున్నానని."

"నా పేరు చెప్పావా?"

"నీ పేరెందుకు చెప్తాను? గోళ్ళు నావి కదా."

ఇల్వా అతని చెయ్యి పట్టుకుని కిటికీ వెలుగులోకి లాగి, ఒక్కో వేలూ తిప్పి చూడటం మొదలుపెట్టింది. బొటనవేలు ఘోరమంది. చూపుడువేలి చుట్టూ వంటనూనె రాసుకుని ఉంటే అంత పూసుకునేది కాదంది. ఉంగరం వేలి దగ్గర ఆగింది.

"బావుందా?" అన్నాడు టోర్‌ఫిన్.

"బావుందనలేదు. దీనికి ఏం చేశావని చూస్తున్నా."

అతను చెప్పాడు. దూదిపుల్లతో చుట్టి తీసిన సంగతి, పుల్లను ప్రతి గీతకూ తుడిచిన సంగతి, నీళ్ళు గిన్నెలో పోసి వార్తలు అయిపోయేదాకా ఆగిన సంగతి. చెప్తూంటే అతని గొంతులో ఉత్సాహం వచ్చేసింది. ఇల్వా పెదవి కొరుక్కుంటూ వింది. అంతా అయ్యాక చొక్కా చేతులు రెండూ మోచేతుల దాకా మడిచి, రెండు చేతులూ అతని ముందు బల్ల మీద పరిచింది.

"జాలి పడ్డావంటే లేచి వెళ్ళిపోతా," అంది.

టోర్‌ఫిన్ చూశాడు. గుచ్చి చూసినట్టు కాకుండా, కళ్ళు తిప్పుకోకుండా, పది వేళ్ళూ చూశాడు. సునీవా మాటల్లో విన్నదానికంటే ఎక్కువే ఉంది. ఏమన్నా తప్పే అయ్యేలా ఉంది, ఏమీ అనకపోవడం ఇంకా పెద్ద తప్పు.

"మంచు కరిగాక మన దక్షిణం వైపు రోడ్డు కూడా ఇలాగే గుంటలు పడి ఉంటుంది," అన్నాడు.

ఇల్వా నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. అనకూడని మాట అన్నానేమో అనుకున్నాడు. అంతలో ఆ పిల్ల నవ్వడం మొదలుపెట్టింది. తల బల్లకు ఆనించి, భుజాలు ఊగిపోయేలా నవ్వింది. "అమ్మకు చెప్తా ఈ మాట," అంది కళ్ళు తుడుచుకుంటూ. "రేపు పొద్దున్నే కొట్టు తెరవగానే మందు తీసుకురా. తెల్ల రంగు కూడా కొత్త సీసా తే. పాతది చిక్కబడిపోయింది."

శనివారానికి పొగమంచు దీవి మీదికీ వచ్చింది. రేవు కనపడలేదు, పక్కింటి కంచె కూడా కనపడలేదు. సునీవా దగ్గర్నుంచి వచ్చిన కబురులో మార్పు లేదు. తండ్రీకూతుళ్ళు వంటింటి బల్ల మీద పాత గుడ్డ పరిచి కూర్చున్నారు. ఇల్వా తన గోళ్ళకు తెల్ల పూత తనే వేసుకుంది. టోర్‌ఫిన్ వేళ్ళ చుట్టూ టేపు అతికించాడు. ఆ టేపు అతని వేళ్ళకే అంటుకుని ఇబ్బంది పెడుతూంటే ఇల్వా సణిగింది. నీలం, తెలుపు, ఎరుపు, మళ్ళీ నీలం. బునాద్ లంగాదీ, రవిక మీది కుట్టుపూలవీ అవే రంగులు. పుల్లతో గీసేది ఇల్వా. ఆ పిల్ల వేలిని పట్టుకుని, గోరు నీటికి సమంగా ఉండేలా మెల్లగా ముంచేదీ, చుట్టూ మిగిలిన పొరను తీసేదీ అతను. చిటికెనవేలు బాగా వచ్చింది. దాని పక్కది ఇంకా బాగా వచ్చింది. లేచి ఉన్న గోటి దగ్గర నొప్పి పుడుతుందేమోనని అతను వేలిని గుడ్డుపెంకులా పట్టుకుంటే, అంత భయం అక్కర్లేదని కూతురే చెప్పింది.

ఎడమచెయ్యి పూర్తయి కుడిచెయ్యి సగంలో ఉండగా గూడ్రున్ వచ్చింది. టోర్‌ఫిన్‌కు అక్క, అతనికంటే చాలా పెద్దది. ఇస్త్రీ చేసిన బునాద్‌ను గుడ్డలో చుట్టి రెండు చేతుల మీదా మోసుకొచ్చింది. వెండి పిన్నుల పెట్టె చంకలో ఉంది. బునాద్ విషయంలో ఆవిడతో పెట్టుకోవడానికి దీవిలో ఎవరికీ ధైర్యం చాలదు. జాతీయ దినం నాడు ఊరేగింపులో మేయరు భార్యను ఆపి, చెప్పుల బకిల్ తప్పని అందరి ముందూ చెప్పిన మనిషి.

ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది. బునాద్ మీద రంగు గోళ్ళేమిటని అడిగింది. మన అమ్మమ్మలు ఎవరైనా వేసుకున్నారా అంది. ఈ లంగా మీద ప్రతి పువ్వూ తను లెక్కతప్పకుండా కుట్టింది ఇందుకేనా అంది. ఆ రంగు ఇప్పుడే తీసేసి, తను తెచ్చిన తొడుగులు వేసుకోమంది. ఇల్వా చేతులు ఒళ్ళోకి లాక్కుంది. తడి రంగు పాడవుతుందని టోర్‌ఫిన్ ఆ చేతుల్ని మళ్ళీ బల్ల మీదికి తెచ్చాడు.

"అక్కా, ఇది నీ లంగా గొడవ కాదు. పిల్ల గోళ్ళ గొడవ."

"నాకు తెలీకనా? అందుకే చెప్తున్నా. రంగేస్తే జనం చూస్తారు. చూస్తే అడుగుతారు. అడిగితే ఏం చెప్తుంది?"

"జబ్బని చెప్తుంది. సోరియాసిస్ అని చెప్తుంది. అందులో దాచాల్సింది ఏముంది?"

"నీకేం తెలుసురా," అంది గూడ్రున్.

ఆవిడ గొంతు మారిపోయింది. బునాద్ మూటను కుర్చీ మీద పెట్టింది. జాకెట్టు చేతి బొత్తాం విప్పి, కుడిచెయ్యి మోచేతి పైదాకా ఎత్తి, వాళ్ళిద్దరి వైపూ తిప్పింది. మోచెయ్యంతా ఎర్రగా, మీద తెల్లటి పొలుసులు కట్టి ఉంది.

"నా పెళ్ళికి ముందునుంచీ ఉంది," అంది. "మోకాళ్ళకీ ఉంది. మా ఆయనకి తప్ప ఎవరికీ తెలీదు. ఏ ఒక్కరూ చూడకుండా ఇంతకాలం నెట్టుకొచ్చాను. అట్లా కూడా బతకొచ్చు. అది చెప్దామనే వచ్చాను."

టోర్‌ఫిన్ చేతిలోని దూదిపుల్ల కింద పెట్టాడు. అక్క ఎండాకాలంలోనూ పొడుగు చేతులే వేసుకునేది. అందరూ సముద్రంలో దిగినా ఆవిడ రాయి మీద కూర్చుని తువ్వాళ్ళు కాపలా కాసేది. చలి మనిషనీ, బిడియస్తురాలనీ అనుకున్నాడు. ఒకే ఇంట్లో పెరిగి ఒక్కసారి కూడా అడగలేదు.

ఇల్వా లేచి, తడి వేళ్ళు తగలకుండా చేతులు వెడల్పుగా పెట్టుకుని అత్త దగ్గరకు వెళ్ళింది. వంగి ఆ మోచేతిని శ్రద్ధగా చూసింది.

"నొప్పిగా ఉంటుందా అత్తా?"

"చలికాలం దురద. మిగతా కాలం దాచుకోవడమే పని."

"డాక్టరేమంది?"

"నేను ఎవరికీ చూపించలేదు."

"ఎప్పుడూనా?" ఇల్వా గొంతులో కోపంలాంటిది వినిపించింది. "నాకు పూతమందు రాస్తే కొత్తగా వచ్చే గోరు మొదట్లో నున్నగా వస్తోంది. ఇదిగో, రంగు లేకపోతే చూపించేదాన్ని. చర్మానికైతే ఇంకా తొందరగా తగ్గుతుందట. డాక్టరమ్మే చెప్పింది. అత్తా, నాకు దాక్కుని దాక్కుని విసుగొచ్చేసింది. నీకు రాలేదా?"

గూడ్రున్ చేతిని కిందికి దించుకుంది గానీ బొత్తాం పెట్టుకోలేదు. మామూలు గొంతుతో, కిటికీ తెరిచి ఉందేమిట్రా, ఆ గాలికి నీళ్ళ మీద రంగు ముడుచుకుపోతోంది చూడండి అంది. కిటికీ మూసి, కుర్చీ లాక్కుని కూర్చుంది. జీవితమంతా సూదీ దారంతో గడిపిన మనిషికి టేపు ఒలవడం పెద్ద పని కాదు. టోర్‌ఫిన్ పీకుతున్న తీరు చూడలేక అతని చేతిలోంచి లాక్కుని తనే ఒలిచింది, చర్మానికి అంటిన మరకలు దూదితో తుడిచింది. రంగు గోళ్ళు సరేనని మాత్రం ఒప్పుకోలేదు. ఎరుపు కాస్త ఎక్కువైందని రెండుసార్లు అంది.

చివరికి కుడిచేతి బొటనవేలు మిగిలింది. వేలు నీళ్ళలో ఉంది, పొర గోటికి అంటుకుంటోంది. సరిగ్గా అప్పుడు టోర్‌ఫిన్‌కు తుమ్ము వచ్చింది. ఆపుకున్నాడు, ఆగలేదు. నీలం మీద తెలుపు అడ్డంగా మడతపడి గోటికి అలాగే దిగిపోయింది. ముగ్గురూ దాని వంక చూశారు. పొద్దున తెచ్చిన తెలుపు సీసా అన్నిసార్లు ముంచేసరికి ఖాళీ అయిపోయింది, శనివారం సాయంత్రం కొట్టు మూసేశారు. ఫర్వాలేదులే, ఎవరైనా అడిగితే నాన్న పేరు చెప్తానంది ఇల్వా. ఆ మీద పారదర్శకమైన మెరుపు పూత వేసి, పది వేళ్ళూ ఎండేదాకా గూడ్రున్ ఆ పిల్లకు రొట్టె ముక్కలు నోట్లో పెట్టింది.

ఆదివారం పొద్దున పొగమంచు పలచబడింది గానీ సునీవా ఇంకా దారిలో లేదు. చర్చిలో తెల్ల అంగీలు తొడుక్కున్న పిల్లలు వరసగా నడిచి వచ్చారు. టోర్‌ఫిన్ రెండో వరసలో, అక్క పక్కన కూర్చున్నాడు. ఇల్వా చేతుల్ని అంగీ చేతుల్లోకి లాక్కుంటుందేమోనని ఎదురుచూశాడు. ఆ పిల్ల లాక్కోలేదు. తన వంతు వచ్చినప్పుడు, అర్ధచంద్రంలా ఒంగిన కర్ర కమ్మీ చివర్న మోకరించి రెండు చేతులూ దాని మీద ఆనించింది. పాస్టరమ్మ తల మీద చెయ్యి పెట్టి పేరు పిలిచింది. తెల్లటి అంగీ చేతుల చివర ఆ పది నీలి గోళ్ళు వెనక వరసల దాకా కనపడుతున్నాయి. పక్కన మోకరించిన అమ్మాయి ఓరకంట చూసి ఏదో గొణిగింది. ఇల్వా పెదవి కొస బిగపట్టి నవ్వు ఆపుకుంది. గూడ్రున్ చేతిరుమాలు తీసి ముక్కు గట్టిగా చీదింది.

భోజనాలు ఊరి హాలులో. పొగబెట్టిన సాల్మన్, బంగాళాదుంపలు, పెళుసు రొట్టె అయ్యాయి, మీగడ కేకులు బయటికి వచ్చాయి. తండ్రి నాలుగు మాటలు మాట్లాడటం ఆనవాయితీ. టోర్‌ఫిన్ లేచి, తనకు మాట్లాడటం రాదని అందరికీ తెలుసనీ, ఈ వారం కూతురు తనకు ఒక పని నేర్పిందనీ, అంత ఓపికగా నేర్పేవాళ్ళు పడవ మీద కూడా దొరకరనీ చెప్పి కూర్చున్నాడు. స్టైనార్ వెనకనుంచి ఎడమచెయ్యి చూపించమని కేకేశాడు. హాలంతా నవ్వింది. అతను చూపించాడు. ఉంగరం వేలి రంగు అతను ఇంకా తీయలేదు.

అప్పుడే తలుపు తెరుచుకుని సునీవా వచ్చింది. పొద్దున వాతావరణం తెరిపివ్వగానే మొదటి హెలికాప్టర్లో క్రిస్టియాన్‌సుండ్‌కు వచ్చి, అక్కణ్ణుంచి కారులో, ఫెర్రీలో పరుగున వచ్చింది. పని జాకెట్టు ఇంకా ఒంటిమీదే ఉంది, జుట్టు హెల్మెట్టు కింద నలిగిపోయి ఉంది. ఇల్వా లంగా ఎత్తిపట్టుకుని బల్లల మధ్య నుంచి పరిగెత్తింది. ఇద్దరూ చాలాసేపు ఒకరినొకరు వదల్లేదు. తర్వాత సునీవా కూతురి చేతులు పట్టుకుని ఎత్తి చూసింది. ఒక్కో వేలూ చూసింది.

"నేను చేసేదానికంటే బావుంది," అంది నెమ్మదిగా. "ఈ బొటనవేలికేమైంది?"

"నాన్న తుమ్మాడు."

సునీవా భర్త వంక చూసింది. అతను భుజాలెగరేశాడు. ఆవిడ జాకెట్టు విప్పి అతని పక్కన కూర్చుని, అతని పళ్ళెంలో మిగిలిన కేకు లాక్కుని ఆవురావురుమంటూ తినేసింది.

ఆ రంగు వారం కూడా నిలవలేదు. హ్యాండ్‌బాల్ ఆటలో అంచులు లేచిపోయాయి. ఇల్వా బుధవారం మిగతాది తుడిచేసుకుంది, కొత్తది వేయమని ఎవర్నీ అడగలేదు. గురువారం సాయంత్రం భోజనం దగ్గర, ఉప్పు అందించమన్నంత మామూలుగా, ఇవాళ బడికి రంగు లేకుండానే వెళ్ళానని చెప్పింది. పెన్ను తుడుచుకున్న అమ్మాయే గోళ్ళకేమైందని అడిగిందట. సోరియాసిస్, అంటుకోదు, మందు రాస్తున్నా అని చెప్పిందట.

"అదేమంది?" అడిగింది సునీవా.

"మా నాన్న వాళ్ళ అన్నకీ ఉంది, నెత్తి మీద, అంది. ఆ తర్వాత లెక్కల పరీక్ష గురించి మాట్లాడుకున్నాం."

మేడ మీది డబ్బా మాత్రం వంటింటి అలమరలోకి మారింది. జట్టు అమ్మాయిలు శనివారం వస్తారనీ, వాళ్ళకు నేర్పడానికి వెచ్చటి నీళ్ళు సిద్ధంగా పెట్టమనీ ఇల్వా తండ్రికి ముందే చెప్పి ఉంచింది.

జూన్ మొదట్లో ఒక పొద్దున టోర్‌ఫిన్ పడవ ముందు నిలబడి కార్లు ఎక్కిస్తూంటే, గూడ్రున్ పాత బూడిదరంగు కారు వరసలోంచి వచ్చింది. పక్క సీట్లో ఇల్వా కూర్చుని ఉంది. ఎక్కడికని అతను చేత్తో సైగ చేశాడు. గూడ్రున్ అద్దం దించింది.

"క్రిస్టియాన్‌సుండ్. చర్మం డాక్టరు దగ్గరికి," అంది ముందుకే చూస్తూ. "ఇది ఊపిరాడనివ్వట్లేదు. ఫోన్ చేసి వేళ కూడా ఇదే తీసుకుంది."

"మాట మార్చి వెనక్కి తిప్పుతుందేమోనని నేనూ వెళ్తున్నా," అంది ఇల్వా ఆ పక్కనుంచి.

ఇద్దరికీ చెరో స్వేలె తన లెక్కలో తీసుకోమని చెప్పి, వెనక లారీ హారను కొడుతూంటే, టోర్‌ఫిన్ చెయ్యూపి కారును ఎడమ వరసలోకి పంపించాడు.